గుమ్మడికాయ కొట్టేదాకా

సినిమా మొదలుపెట్టిన రోజున కొబ్బరికాయ కొట్టడానికి ఉండే తొందర మనవాళ్ళకు గుమ్మడికాయ కొట్టడానికి ఉండదు. ఆఖరి షాట్ కాగానే కెమెరాకు హారతిచ్చి, గుమ్మడికాయతో దిష్టి తీసి, దాన్ని నేలకేసి కొట్టి ఎవరిళ్ళకు వాళ్ళు పోవడం ఆనవాయితీ. ఆ ఆఖరి షాట్ ఎప్పుడొస్తుందో మాత్రం ముహూర్తం పెట్టిన పంతులుగారికే తెలియదు. హీరో మోకాలు బెణుకుతుంది. నిర్మాత మారతాడు. రెండో సగం కుదరలేదని దర్శకుడు కొన్నాళ్ళు ఫోనుకు దొరకడు. ఈలోగా యూనిట్‌లో ఉన్నవాళ్ళ బతుకులన్నీ ఒకే మాట దగ్గర ఆగి ఉంటాయి: గుమ్మడికాయ కొట్టాక చూద్దాం. పెళ్ళిచూపులు, పంటి నొప్పి, ఇంటికి సున్నాలు, అన్నీ దాని తరవాతే.

వరప్రసాద్ దాని తరవాతకు వాయిదా వేసింది కూతురి ఎదుగుదలను. అంటే, తను వాయిదా వేస్తున్నది అదేనని అనుకున్నాడు పాపం.

వరప్రసాద్ ఎడిటర్. తణుకు నుంచి వచ్చి, ఫిల్మ్‌నగర్ కొండ ఎగువన కిటికీలు లేని గదుల్లో కూర్చుని, ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ పేరు మీద సినిమాలు కోశాడు. టైటిల్స్‌లో అతని పేరు ఎప్పుడూ పదిమంది పేర్ల మధ్య ఇరుక్కుని ఉండేది. చివరికి అతనితో కలిసి ఇడ్లీలు పంచుకు తిన్న శ్రీకృష్ణ దర్శకుడై, పెద్ద హీరోతో సినిమా ఒప్పుకుని, "ఎడిటింగ్ నువ్వేరా, నీ ఒక్కడి పేరే పడుతుంది," అన్నాడు. ఆ రోజు వరప్రసాద్ వెంగళరావు నగర్‌లో ఇంటికి వెళ్ళి, భార్య హిమజకు చెప్పలేక చెప్పలేక చెప్పి, వంటింట్లో నిలబడి ఏడ్చాడు.

హిమజది ఇక్కడి ఊరే. యూసుఫ్‌గూడలో పుట్టింది, మధురానగర్‌లో స్కూలు టీచరు. వాళ్ళిద్దరిదీ ప్రేమ పెళ్ళి. కూతురు భువన తండ్రితో మాట్లాడేటప్పుడు తణుకు యాసలో, తల్లితో మాట్లాడేటప్పుడు యూసుఫ్‌గూడ యాసలో మాట్లాడి ఇద్దరి దగ్గరా పనులు చేయించుకునేది. స్కూలుకు సెలవైన రోజు తండ్రి ఎడిటింగ్ గదిలో సోఫా మీద మిక్స్చరు తింటూ కూర్చునేది. హీరో కూతురి పాత్రకు ఎంతమంది పిల్లల్ని చూసినా నచ్చని శ్రీకృష్ణ ఒకరోజు ఆ గదిలోకి వచ్చి, మిక్స్చరులో పల్లీలు మాత్రమే ఏరుకుంటున్న ఆ ఏడేళ్ళ పిల్లను చూసి, "ఒరే, పక్కన పెట్టుకుని ఊరంతా తిప్పావు కదరా నన్ను," అన్నాడు.

షూటింగు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో మొదలైంది. మొదలైన కొద్ది రోజులకే భువన ముందు పన్ను ఊడిపోయింది. షాటుకూ షాటుకూ మధ్య పన్ను మాయమైతే ఎలాగని అందరూ తల పట్టుకున్నారు. పంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తి చిన్న కట్టుడు పన్ను చేయించారు. భువన దాన్ని నాలుకతో తీసి బయటికి చాచి హీరోను జడిపించేది. ఆయన నిజంగానే ఉలిక్కిపడి, తరవాత ఆమెతో ఆ ఆట రోజూ ఆడించేవాడు.

కథ ప్రకారం పాపకు ఒకటే గౌను. పసుపు మీద నీలం పూలు. తల్లి చనిపోయే ముందు కుట్టిన గౌనట, పిల్ల దాన్ని వదలదట. బోరబండ నుంచి వచ్చే కాస్ట్యూమ్స్ ఎల్లమ్మ అలాంటివి మూడు కుట్టి, అంచు దగ్గర లోపలికి మడతలు పెట్టింది.

"పెరిగే పోరి గదా సార్. మన సినిమా జల్ది గాదు. పెరిగినకొద్దీ ఒక్కొక్క మడత ఇప్పుకుంట పోతా," అంది.

మొదటి ఏడాది ఒక మడత విప్పింది. ఆ తరవాత విప్పే అవసరం రాలేదు. షెడ్యూలు మొదలైన ప్రతిసారీ కత్తెర, దారపుండ పెట్టుకుని కూర్చునేది. భువనకు గౌను తొడిగి, మోకాలి కింద అంచు చూసి, కత్తెర మళ్ళీ సంచిలో పడేసేది. యూనిట్ మొత్తానికి అది పండగ. ప్రొడక్షన్ మేనేజర్ బాబీ అయితే సెట్లో ఎవరొచ్చినా భువనను పిలిచి చూపించేవాడు. "బంగారం సార్ మా పాప. మూడేళ్ళయినా కంటిన్యుటీ తప్పలేదు. వేరే సినిమాల పిల్లలు ఇంటర్వెల్‌కే తాటిచెట్లయితరు," అనేవాడు. ఎల్లమ్మ వెంటనే పిల్లను పక్కకు లాగి ఉప్పు తిప్పి పోసేది. దిష్టి తగలకూడదని ఆమె భయం. దిష్టి అప్పటికే పేగులో కూర్చుని ఉందని ఎవరికి తెలుసు?

అన్నిటికంటే ఎక్కువ మురిసిపోయింది వరప్రసాదే. భువన బంగళా తలుపు తీసుకుని బయటి నుంచి లోపలికి వచ్చే ఒక సీను ఉంది. బయట నుంచి తలుపు తోసేది మొదటి ఏడాది తీసిన షాట్. లోపలికి అడుగుపెట్టేది స్టూడియోలో వేసిన సెట్లో, మూడో ఏడు తీసినది. రెండూ కలిపి వేసి చూస్తే ఎనిమిదేళ్ళు నిండని పిల్ల తలుపు తోసింది, పదేళ్ళు దాటిన పిల్ల గడప దాటింది. చూసినవాళ్ళకు ఇసుమంతైనా తేడా తెలియలేదు. శ్రీకృష్ణ చప్పట్లు కొట్టాడు. వరప్రసాద్ దాన్ని మళ్ళీ మళ్ళీ వేసి చూసుకున్నాడు. తన చేతి పనితనం అనుకున్నాడు. తలుపు అవతల ఉన్న పిల్లకూ ఇవతల ఉన్న పిల్లకూ మధ్య రెండేళ్ళు ఎక్కడికి పోయాయని ఆ గదిలో ఒక్కడూ అడగలేదు. ఇలాంటప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. కళ్ళు పెట్టుకుని చూడటమే ఉద్యోగంగా బతికేవాళ్ళు కదా వీళ్ళంతా.

అడిగింది హిమజ. రోజూ స్కూల్లో ప్రార్థన దగ్గర పిల్లల్ని పొట్టి నుంచి పొడుగు వరకు నిలబెట్టేది ఆమే. భువన చదివేదీ ఆ స్కూల్లోనే. ఆరో తరగతి వరసలో మొదట నిలబడేది ఎప్పుడూ ఆమే. భువనకు అది పెద్ద దిగులు. ఆమె స్నేహితురాలు పూజిత పొడుగు కాబట్టి ఆఖరి బెంచిలో కూర్చునేది. ఆఖరి బెంచిలో ఉన్నవాళ్ళు టిఫిన్ బాక్సు రెండో పీరియడ్‌లోనే ఖాళీ చేయొచ్చు. భువనకు తినాలని అంత యావ ఉండేది కాదు, ఆ బెంచిలో కూర్చోవాలని ఉండేది. తింటే కడుపు నొప్పి అనేది. నోట్లో పుండ్లు లేచేవి. వారానికోసారి సాయంత్రం ఒళ్ళు వెచ్చబడేది. షూటింగు భోజనం పడలేదన్నారు, ఎండ దెబ్బన్నారు, నులిపురుగుల మందు వేశారు.

వెంగళరావు నగర్‌లో వాళ్ళకు అలవాటైన డాక్టరమ్మ ఒకరోజు భువనను తూకం వేసి, ఎత్తు కొలిచి, ఎందుకో పాత చీటీ తీసి చూసింది. "హిమజా, పాప ఎత్తు ఆగిపోయినట్టుందమ్మా. ఆలస్యం చెయ్యకండి. పెద్దాసుపత్రిలో ఎదుగుదల చూసే స్పెషలిస్టులు ఉంటారు. టెస్టులన్నీ చేస్తారు. అవసరమైతే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఉంటాయి," అంది.

ఇంటికి వచ్చాక హిమజ ఆ మాట చెప్పింది. వరప్రసాద్‌కు ఆ మాటల్లో ఒక్కటే చెవికెక్కింది: ఇంజెక్షన్లు. ఫిల్మ్‌నగర్ జిమ్ముల్లో ఆ పేరు అందరికీ తెలుసు. ఎవరో హీరో ఒళ్ళు పెంచడానికి అవే వాడాడని టీ కొట్ల దగ్గర గుసగుసలాడుకుంటారు. అవి వేస్తే మనిషి పెరిగి తీరతాడని అతని నమ్మకం. మర్నాడు బాబీ దగ్గర నోరు జారాడు. సాయంత్రానికి శ్రీకృష్ణ ఫోను చేశాడు.

"ఒరే ప్రసాదూ, ఆ ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలెట్టకురా. క్లైమాక్స్ ఒక్కటే మిగిలింది. పిల్ల పెరిగిపోతే మూడేళ్ళ ఫుటేజీ ఏం చేసుకుంటాం? గుమ్మడికాయ కొట్టిన మర్నాడే నేను దగ్గరుండి తీసుకెళ్తా," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నిజంగానే తీసుకెళ్ళేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మాటలు పెరిగాయి.

"పిల్ల పెరుగుతలేదంటే సినిమా అంటవేంది ప్రసాద్?" అంది హిమజ.

"పెరగకపోవడం ఏంటి, నెమ్మదిగా పెరుగుతోంది. మా అమ్మ కూడా పొట్టే కదా. రెండే రెండు నెలలు హిమా. ఇంజెక్షన్ వేస్తే ఎలాగూ పెరుగుతుంది. అప్పుడు వేస్తే ఏంటి, ఇప్పుడు వేస్తే ఏంటి?"

"టెస్టులన్న చేయిద్దాం."

"టెస్టులు చేస్తే ఇంజెక్షన్ వేద్దామంటారు. అప్పుడు వద్దని చెప్పగలమా? నా పేరు మొదటిసారి పడబోతోంది. రెండు నెలలు ఆగలేవా?"

లోపలి గదిలో నుంచి భువన తల బయటికి పెట్టి, "నాన్నా, ఆ ఇంజెక్షన్ వేస్తే పూజిత అంత అవుతానా?" అని అడిగింది.

"పూజితని దాటేస్తావు."

"అయితే గుమ్మడికాయ తొందరగా కొట్టించు," అంది భువన. హిమజకు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒప్పుకుంది.

రెండు నెలలు అన్నవి ఆరయ్యాయి. హీరోకు ఇంకో సినిమా గడ్డం అడ్డొచ్చింది. గడ్డం తీసేదాకా ఆగారు. చివరికి క్లైమాక్స్ మళ్ళీ అదే బంగళాలో పెట్టారు. ఎన్నాళ్ళకో తిరిగొచ్చిన తండ్రి గేటు దగ్గర నిలబడితే, పిల్ల తలుపు దగ్గర నుంచి చూసి, గుర్తుపట్టి, వానలో పరిగెత్తుకుంటూ వెళ్ళి వాటేసుకోవాలి. భువన గుర్తుపట్టే క్లోజప్ మొదట తీశారు. అది చూసి కెమెరా వెనక ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పరిగెత్తే షాట్‌కు రెడీ అంటుండగా భువన కడుపు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎల్లమ్మ పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. పిల్ల ఒళ్ళు కాలిపోతోందని, పొట్ట చెక్కలా గట్టిపడిందని ఆమె కేకలు పెట్టింది.

జూబ్లీహిల్స్‌లోనే ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పేగుకు చిల్లు పడింది. ఆపరేషన్ చేశారు. పేగు లోపల ఎప్పటి నుంచో వాపు, పుండ్లు ఉన్నాయని, ఆ పుండు లోతుకు పోయి చిల్లు పడిందని చెప్పారు. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ చీము రక్తంలోకి పాకింది. భువనను ఐసీయూలో పెట్టారు.

అద్దం తలుపు అవతల తన కూతురు రోజురోజుకూ తరిగిపోవడం వరప్రసాద్ చూశాడు. గొట్టాల ద్వారా ఆహారం ఎక్కిస్తూనే ఉన్నారు. అయినా బుగ్గలు పోయాయి. చేతులు పుల్లలయ్యాయి. వేళ్ళ మధ్య ఉండే కాస్త కండ కూడా కరిగిపోయింది. హిమజ ఆ చేతిని పట్టుకుని, "తిన్నదంత ఎటు పోతున్నది సిస్టర్?" అని అడుగుతుంటే నర్సులు గొట్టాలు సర్దుతూ ఉండేవాళ్ళు.

వరప్రసాద్‌కు ఇంజెక్షన్ గుర్తొచ్చింది. పెద్ద డాక్టరు కమలాకర్ గదిలోకి వెళ్ళి చేతులు జోడించాడు. హిమజ అతని వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సార్, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఉంటుంది కదా. అది ఇప్పుడైనా వెయ్యండి సార్. కొంచెం కండ పడుతుంది. తట్టుకుంటుంది."

కమలాకర్ నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"మీ పాప ఒంట్లో గ్రోత్ హార్మోన్ తక్కువేం లేదండీ. ఎత్తు తక్కువుందని టెస్టుకి పంపాం, రిపోర్ట్ వచ్చింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది."

"మరి పెరగలేదేం సార్?"

"ఆ హార్మోన్ మెదడు కింద ఉన్న గ్రంథి నుంచి బయలుదేరి లివర్‌కి చెప్పాలి. అప్పుడు లివర్ ఇంకో పదార్థం తయారుచేసి పంపుతుంది. ఎముకని పెంచడం, కండని నిలబెట్టడం చాలావరకు దాని పని. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందనుకోండి, ఆ మంట నుంచి రక్తంలోకి వచ్చే రసాయనాలు లివర్‌ని ఆ మాట విననివ్వవు. అది విననికొద్దీ పైనుంచి ఇంకా ఇంకా హార్మోన్ వస్తుంది. లాభం ఉండదు. మీ పాప రక్తంలో ఆ రెండో పదార్థం దాదాపు అడుగంటిపోయింది."

వరప్రసాద్ ముఖం చూసి ఆయన ఆగాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇల్లు అంటుకుందనుకోండి. అందరూ నీళ్ళు మోస్తుంటారు. అప్పుడు దర్జీ వచ్చి పిల్లకి గౌను కొలతలు తీస్తానంటే ఎవరైనా వింటారా? ఒళ్ళు కూడా అంతే. ముందు బతకాలి, పెరగడం తరవాత అనుకుంటుంది. పేగులో మంట రెండు మూడేళ్ళుగా ఉండి ఉంటుంది. అది కొంచెం కొంచెంగా ఎదుగుదల ఆపేసింది. ఇప్పుడు ఒళ్ళంతా పాకింది. పెరగడం సంగతి పక్కన పెట్టండి, ఉన్న కండనే కరిగించి వాడుకుంటోంది."

"ఎక్కువ డోసు ఇస్తే వింటుందేమో సార్."

"వినదు. పైగా ప్రమాదం. ఇలా ఐసీయూలో ఉన్న పెద్దవాళ్ళకి ఒకప్పుడు ఇచ్చి చూశారు. తీసుకోనివాళ్ళకంటే తీసుకున్నవాళ్ళే ఎక్కువమంది పోయారు. నేను ఇవ్వను, క్షమించండి. ముందు మంట ఆరాలి."

వరప్రసాద్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఆరేడు నెలల కిందట వేయించి ఉంటే?"

"అప్పుడు వేసినా పెద్దగా పెరిగేది కాదండీ," అన్నాడు కమలాకర్. ఒక్క క్షణం వరప్రసాద్ గుండె మీద బరువు దిగినట్టయింది. ఆయన మాట ఇంకా అయిపోలేదు. "కానీ ఊరికే వెయ్యం కదా. పిల్ల ఎందుకు పెరగడం లేదో ముందు చూస్తాం. టెస్టుల్లో పేగు సంగతి బయటపడేది. దీనికి మంచి మందులున్నాయి. మంట తగ్గిస్తే చాలామంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరగడం మొదలెడతారు. మీకు ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదని అబద్ధమాడటానికి కూడా వరప్రసాద్‌కు నోరు రాలేదు. వెనక తలుపు దగ్గర హిమజ ఉంది.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బయటికి వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుంది. వరప్రసాద్ వచ్చి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నువ్వు రెండు నెలలన్నవు. నేను సరే అన్న," అంది చివరికి. "పొద్దుగాల లేస్తే పిల్లల ఎత్తు చూసి లైన్ల నిలబెట్టేదాన్ని నేను. నాకు తెల్వదా? తెలిసి కూడ నవ్విన. పో, ఏడువకు. నిన్ను చూస్తే నాకు ఇంక భయమైతది."

దేవుడు అనేవాడు ఉంటే అతనికి పిల్లల విషయంలో ఒక చెడ్డ అలవాటుంది. ఆశ చూపించకుండా తీసుకుపోడు. ఆ తరవాత భువన జ్వరం తగ్గింది. గొంతులో గొట్టం తీశారు. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి తల్లిని చూసింది, తండ్రిని చూసింది. గొంతు గరగరలాడుతోంది. వరప్రసాద్ చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నాన్నా, పరిగెత్తే షాట్ మిగిలిపోయిందిగా."

"అయిపోయిందమ్మా. శ్రీకృష్ణ అంకుల్ ఎలాగో మేనేజ్ చేసేశాడు."

"గుమ్మడికాయ కొట్టేశారా?"

వరప్రసాద్ హిమజ వైపు చూశాడు. హిమజ ముఖం తిప్పేసుకుంది.

"కొట్టేశాం తల్లీ."

భువన కాసేపు ఊపిరి తీసుకుంది. నల్లగా ఎండిన పెదాలు కొంచెం విడ్డాయి.

"అయితే నేనింక పెరగొచ్చా?"

"పెరగొచ్చమ్మా," అన్నాడు వరప్రసాద్. "ఎంత కావాలంటే అంత పెరుగు."

భువన తలాడించింది. చాలాకాలంగా అడగాలనుకున్న అనుమతేదో దొరికినట్టు కళ్ళు మూసుకుంది. రెండు రోజుల్లో మళ్ళీ జ్వరం ఎగిసింది. ఈసారి మూత్రపిండాలు ఆగాయి, తరవాత గుండె. కమలాకర్ బయటికి వచ్చి తల దించుకుని నిలబడినప్పుడు హిమజ ఆయన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. వరప్రసాద్ పిచ్చివాడిలా, "మంట ఆరిందా సార్?" అని అడిగాడు.

సినిమా ఆగదు. ఆగాలని నేను అనడం లేదు, దాని మీద ఎన్నో పొయ్యిలు వెలుగుతాయి. కర్మకాండలు అయ్యాక బాబీ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా ఏడ్చాడు. ఏడ్చి, చెప్పలేక చెప్పాడు. ముఖం కనిపించే షాట్లన్నీ ఉన్నాయట. పరిగెత్తే షాట్ ఒక్కటే లేదట. వెనక నుంచి తీస్తే సరిపోతుందట. ఇంకో పాపను చూశారట.

"తీసుకోండి," అంది హిమజ లోపలి నుంచి. "ఆ సీన్ల నా బిడ్డ మస్తు చేసింది. పాడు చెయ్యకుండ్రి."

షూటింగు రోజు పొద్దున ఎల్లమ్మ ఫోను చేసింది. వెనక జనరేటరు చప్పుడు వినిపిస్తోంది.

"సార్, భువనమ్మ గౌను గీ పాపకు తొడగమంటున్నరు. నాకు చేతులొస్తలేవు. మీరు చెప్తెనే తొడుగుత, లేకుంటె లేదు. పని పోతె పోయింది."

"తొడుగు ఎల్లమ్మా," అన్నాడు వరప్రసాద్. ఫోను పెట్టబోతూ, "సరిపోతుందా?" అని అడిగాడు.

"సరిపోతది సార్. మీదికెల్లి పెట్టి చూసిన. ఒక్క కుట్టు గూడ ఇప్పే పని లేదు."

ఆ మాట అప్పుడు అతనికి తగల్లేదు.

ఫుటేజీ ఎడిటింగ్ గదికి వచ్చింది. వేరెవరితోనైనా చేయిస్తానని శ్రీకృష్ణ చెప్పాడు. వరప్రసాద్ ఒప్పుకోలేదు. తన కూతురు ఉన్న సీను మీద ఇంకొకరి చెయ్యి పడటానికి వీల్లేదన్నాడు. శ్రీకృష్ణ వెనక సోఫాలో కూర్చున్నాడు. సోఫా సందుల్లో ఎప్పటివో మిక్స్చరు పలుకులు ఇంకా ఉన్నాయి.

ముందు భువన క్లోజప్. తలుపు దగ్గర నిలబడి గేటు వైపు చూస్తుంది. ముందు అర్థం కాదు, తరవాత అనుమానం, తరవాత పెదవి వణుకుతుంది. ఆ వణుకు పూర్తికాక ముందే అతను ఆపి, వెనక నుంచి తీసిన షాట్ అతికించాడు. పసుపు మీద నీలం పూల గౌను వానలో పరిగెత్తుకుంటూ వెళ్ళింది. అదే ఎత్తు. అవే భుజాలు. మోకాళ్ళ కింద అదే చోట అంచు. హీరో వంగి వాటేసుకున్నాడు.

ఒక్క నిమిషం వరప్రసాద్ నిజంగానే నమ్మాడు. పరిగెత్తింది భువనే అనుకున్నాడు. మిగిలిపోయిన షాట్ తను చేసే వెళ్ళిందనుకున్నాడు.

"ఎక్కడా తెలియట్లేదురా," అన్నాడు శ్రీకృష్ణ ఏడుస్తూ. "ఎక్కడా తేడా తెలియట్లేదు."

షాట్ ఎక్కడ ముగించాలో చూడటానికి వరప్రసాద్ దాన్ని చివరిదాకా వదిలాడు. కట్ అని కేక వినిపించింది. వాన ఆగింది. హీరో చేతుల్లోంచి దిగి ఆ పిల్ల కెమెరా వైపు తిరిగి నవ్వింది. పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. చిగుళ్ళలోంచి కొత్త పన్ను తెల్లగా కొంచెం బయటికి వచ్చి ఉంది.

వరప్రసాద్ బొమ్మను ఆపాడు.

"ఈ పిల్ల ఎన్నో క్లాసురా?"

శ్రీకృష్ణకు ప్రశ్న ఎందుకో తెలియలేదు. "పేరు బుజ్జి. మూడో క్లాసనుకుంటా. ఏం?"

భువనకు ఆ పన్ను ఊడింది మొదటి షెడ్యూల్లో. కట్టుడు పన్ను నాలుకతో బయటికి చాచి హీరోను భయపెట్టిన రోజుల్లో. అది రాలి, కొత్తది వచ్చి, దాని పక్కవి కూడా వచ్చి, ఆరో తరగతికి వెళ్ళిన పిల్ల గౌను, ఇవాళ పాలపళ్ళు ఊడుతున్న పిల్లకు ఒక్క కుట్టు విప్పకుండా సరిపోయింది. మూడేళ్ళు రోజూ వరప్రసాద్ తన పిల్లను ఈ తెర మీద చూశాడు. ముందుకు జరిపి చూశాడు, వెనక్కి జరిపి చూశాడు, దగ్గరికి లాక్కుని చూశాడు. చిన్న తేడా ఉన్నా పట్టేస్తాడని అతనికి పేరు. ఏ తేడా లేకపోవడం మాత్రం అతని కంటికి ఆనలేదు. అతని గొంతులోంచి వచ్చిన శబ్దానికి పక్క గదిలో పనిచేస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయారు.

ఆపిన బొమ్మను అతనే మళ్ళీ కదిలించాడు. ఎల్లమ్మ తువ్వాలుతో వచ్చి ఆ పిల్ల తల తుడుస్తోంది. తుడుస్తూనే వంగి గౌను అంచు ఒకసారి తిప్పి చూసి, వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతలో బాబీ తెరలోకి వచ్చాడు. అతని చేతుల్లో గుమ్మడికాయ, దాని మీద వెలుగుతున్న కర్పూరం. కెమెరాకు మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టాడు. కుంకుమ కలిసి ఎర్రబడిన ముక్కలు తడి నేల మీద నలుదిక్కులా పడ్డాయి. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. ఏం అర్థమైందో, బుజ్జి కూడా రెండు చేతులూ ఎత్తి కొట్టింది. అక్కడితో ఫుటేజీ అయిపోయి తెర నల్లబడింది.

శ్రీకృష్ణ లేచి బయటికి వెళ్ళిపోయాడు. వరప్రసాద్ ఆ నల్లటి తెర మీద అరచెయ్యి పెట్టాడు.

"కొట్టేశారమ్మా," అన్నాడు. "ఇంక పెరుగు."